ఛాయాచిత్రకారుడు రాజా దీనదయాళుగారు

మార్కాపురపు పలక నెరుగని బాలుడు మన సీమలో ఒకప్పుడు లేడు. నల్లని రాతిపలకమీద తెల్లని బలపముతో ఓనమాలు దిద్దినవారే తరువాత తెల్లని కాగితముమీద నల్లని సిరాతో వ్రాయ నేర్చిరి. అక్షరము మారలేదు; నలుపును తెలుపును మాత్రమే ఒకదాని చోటు నొకటి తీసికొన్నవి. ఛాయాచిత్రకళలో నెగెటివు అనబడునది సరిగా ఈ పలకవంటిది. వెలుగు పడినచోట నలుపు, చీకటి యున్నచోట తెలుపు అందు కానవచ్చును. దానినుండి కాగితముపైకి దింపిన బొమ్మయందు వెలుగు మరల వెలుగగును, నీడ మరల నీడయగును. గాజుపలకలపై ఇట్టి నెగెటివులను వేలకొలది నిర్మించి, తెలుగు నేలయందు తన శాలను నెలకొల్పి, మన పూర్వుల కాలమును మన కన్నులకు దాచియుంచిన మహనీయుడు రాజా దీనదయాళుగారు. వారి చరిత్రము విద్యార్థులకు రెండు విధముల ఉపయోగించును. పట్టుదలగల పురుషుడు తన విద్యతో ఎంత యెత్తునకు ఎదుగగలడో తెలియుట మొదటిది. చేసిన పని చేసినవాని తరువాత కూడ నిలువవలెనన్న దానిని కాపాడువారు కావలెనని తెలియుట రెండవది.

దీనదయాళుగారు 1844 వ సంవత్సరమున ఉత్తర హిందూస్థానములో మీరటు నగరమునకు సమీపమందలి సర్ధానా గ్రామమున ఒక జైన కుటుంబమున జన్మించిరి. వారి వంశమువారు రత్నముల వ్యాపారము చేయువారు. రత్నమును చూచువాడు వెలుగునకు పట్టి దాని గుణదోషములను కనిపెట్టును. ఆ వంశమున పుట్టిన బాలుడు వృత్తి మార్చుకొనినను వెలుగును పరీక్షించు కన్నును మాత్రము మార్చుకొనలేదని చెప్పవచ్చును. ఆయన రూర్కీలోని థామసన్ సివిల్ ఇంజనీరింగు కళాశాలయందు చదివి, కొలతలును, లెక్కలును, పటములు గీయుటయును నేర్చిరి. 1866 వ సంవత్సరమున ఇందూరులో ప్రభుత్వ పబ్లిక్ వర్క్సు శాఖయందు అంచనాలు వేయుటకును పటములు గీయుటకును ఉద్యోగిగా ప్రవేశించిరి.

ఉద్యోగము స్థిరమైనది, జీతము నియతమైనది. ఆ కాలమున అట్టి యుద్యోగము దొరకినవాడు మరియొకదానివైపు చూడడు. దీనదయాళుగారు మాత్రము 1874 ప్రాంతమున, తమ యుద్యోగమును నిర్వహించుచునే, తీరిక వేళలయందు కెమెరాను చేతబట్టిరి. మధ్య హిందూస్థానమున గవర్నరు జనరలుగారి ఏజెంటుగా నుండిన సర్ హెన్రీ డేలీగారు ఆయన నేర్పును గుర్తించి ప్రోత్సహించిరి. ఇందూరు ప్రభువైన రెండవ తుకోజీరావు హోల్కరుగారి ఆదరమును కూడ ఆయనకు లభించెను. 1875-76 సంవత్సరములయందు వేల్సు రాకుమారుడు హిందూదేశమును దర్శింప వచ్చినప్పుడు వారి చిత్రములను తీయు భాగ్యము ఈ యువ ఉద్యోగికి కలిగెను.

నేడు చేతిలోని ఫోనును మీటినంతనే చిత్రము సిద్ధమగుట చూచుచున్న పిల్లలకు ఆనాటి శ్రమ యూహకు అందదు. 1851 వ సంవత్సరమున ఇంగ్లండునందు ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చరు ప్రకటించిన తడిపలక పద్ధతియే ఆ రోజులలో వాడుకయందుండెను. శుభ్రముగా కడిగి తుడిచిన గాజుపలకపై కొలోడియన్ అను జిగట ద్రావకమును పోసి, పలకను నాలుగు మూలలకును మెల్లగా వంచి అది అంతట సమముగ ప్రాకునట్లు చేయవలయును. పిమ్మట చీకటి డేరాలో దానిని వెండి లవణము కరగిన నీటియందు ముంచవలయును. తడి యారకమునుపే కెమెరాలో నుంచి వెలుగు చూపి, మరల పరుగున డేరాలోనికి గొనిపోయి, మందునీళ్లతో బొమ్మను తేర్చి, కడిగి, స్థిరపరుపవలయును. ఇదంతయు కొలది నిమిషములలో జరుగవలెను. ఎండలు మండు మన దేశమున ఆ నిమిషములు ఇంకను తరిగిపోవును. ధూళి రేణు వొక్కటి పడినను పలక చెడును. చేయి జారినను పలక పగులును. బొమ్మను పెద్దది చేయు సాధనములు నాడు వాడుకలో అరుదు గనుక, కాగితముపై ఎంత బొమ్మ కావలెనో అంత గాజుపలకనే మోసికొని పోవలయును. ఆ పలకను కోడిగ్రుడ్డు తెల్లసొన పూసిన కాగితముమీద నుంచి, ఎండలో బెట్టి, చిత్రమును దించెడివారు.

ఆ పలకలకు మరియొక స్వభావము కూడ కలదు. అవి నీలి వెలుగును మాత్రమే చక్కగా చూడగలవు, ఎరుపునకు గ్రుడ్డివి. అందువలన నీలాకాశము బొమ్మయందు ఒట్టి తెల్లకాగితమువలె వచ్చెడిది. ఎర్రని తలపాగా నల్లనిదిగా కనబడెడిది. పలకయొక్క ఈ లోపమును ఎరుగనివాడు తీసిన చిత్రము అబద్ధము చెప్పును. ఎరిగినవాడు ఏ గంటకు ఏ వైపు నుండి వెలుగు పడుచున్నదో చూచి, ఏ వస్త్రము ఎట్లు వచ్చునో ముందుగానే లెక్కకట్టి, పలక తనంతట చేయు తప్పునకు తగిన సవరణ చేసికొనును. అంచనాలు వేయుట వృత్తిగా గల దీనదయాళుగారికి ఈ లెక్క సహజముగ నబ్బెను. ఆయన చిత్రములయందు రాతిస్తంభముయొక్క ప్రతి చెక్కడమును, రాజు ధరించిన ముత్యముల ప్రతి వరుసయు స్పష్టముగ కనబడుటకు హేతువిదియే.

1882 వ సంవత్సరమున సర్ లెపెల్ గ్రిఫిన్‌గారు మధ్య హిందూస్థానమున బుందేల్‌ఖండమునందు సంచారము చేయుచు దీనదయాళుగారిని వెంట గొనిపోయిరి. ఆ సంచారమున శిథిలములగుచున్న కోటలకును, దేవాలయములకును, స్తూపములకును తీసిన చిత్రములలో కొన్ని 1886 లో గ్రిఫిన్‌గారు ప్రకటించిన మధ్య హిందూస్థానపు ప్రసిద్ధ కట్టడముల గ్రంథమునందు చేరినవి. గాజుపలకల పెట్టెలు, మందుసీసాలు, చీకటి డేరా, ముక్కాలిపీట, ఇవన్నియు బండ్లమీద కెక్కించుకొని కొండలు నడవులు దాటిన ఆ ప్రయాణమును తలచికొనినచో, ఆయన ఓర్పు ఎట్టిదో తెలియును.

ఇంతలో వారి జీవితమున పెద్ద మలుపు వచ్చెను. ఇరువదేండ్ల సర్కారు కొలువు ఒకవైపున, కెమెరా మరియొకవైపున నిలిచినవి. రెండింటిని మోయుట ఇక సాధ్యము గాకపోయెను. 1885 వ సంవత్సరమున ఆయన దీర్ఘకాలపు సెలవు గైకొని, కొలది కాలమునకే ఉద్యోగమును విడిచిపెట్టిరి. నలువది సంవత్సరములు దాటిన గృహస్థు, పిల్లలు గలవాడు, నెలజీతమును వదలి, పగులు గాజును మాసిపోవు కాగితమును నమ్ముకొనుట సామాన్యమైన సాహసము కాదు. వ్యాపారము చెడినచో ఆదుకొనువా రెవ్వరును లేరు. అయినను చేతిలోని విద్యపై ఆయనకు గల విశ్వాసము సడలలేదు. ఆ యేటనే వైస్రాయి డఫ్రిన్ ప్రభువుగారి ఛాయాచిత్రకారుడుగా నియమింపబడిరి.

తరువాత ఆయన దృష్టి దక్షిణమునకు మరలెను. హైదరాబాదు రాజ్యమును ఆరవ నిజామైన మీర్ మహబూబు అలీఖానుగారు పాలించుచుండిరి. దీనదయాళుగారు 1886 లో సికింద్రాబాదునందు తమ చిత్రశాలను స్థాపించి, నిజాముగారి ఆస్థాన ఛాయాచిత్రకారులైరి. నాటినుండి హైదరాబాదు నగరపు వైభవమంతయు ఆయన గాజుపలకలపైకి వచ్చెను. కోటలు, మహళ్లు, సేనా విన్యాసములు, దర్బారులు, వేటలు మాత్రమే కాక సామాన్య జనులు నడయాడు వీథులును వారి కెమెరా కంటబడినవి. 1902 లో వైస్రాయి కర్జను ప్రభువు ఓరుగల్లు సీమలోని నెక్కొండ యడవులలో పెద్దపులిని వేటాడినప్పుడు, చంపబడిన పులిచెంత ప్రభువును వారి పత్నియు నిలిచియున్న చిత్రము నేటికిని ప్రసిద్ధము. నేటి పిల్లలు దానిని చూచి పులికొరకు జాలిపడినచో తప్పు లేదు. చిత్రము ఆనాటి మనస్సును కూడ దాచియుంచును.

ఆ కాలమున గోషాయందుండు స్త్రీలు పరపురుషుని యెదుట కూర్చుండి చిత్రము తీయించుకొనుట కల్ల. దీనదయాళుగారు దీనికి ఉపాయ మాలోచించి, 1892 లో హైదరాబాదున స్త్రీల కొరకు ప్రత్యేకముగ ఒక జనానా చిత్రశాలను పెట్టి, దాని నిర్వహణమును కెన్నీ-లెవిక్ అను ఆంగ్ల వనితకు అప్పగించిరి. తల్లుల, అక్కచెల్లెండ్ర ముఖములు కూడ తరువాతివారికి మిగులవలెనన్న తలంపు అందు కలదు. ఇట్టి యాలోచన వ్యాపారబుద్ధితో పాటు మర్యాదను గూడ ఎరిగినవానికే కలుగును.

కీర్తి క్రమముగ సముద్రములు దాటెను. 1893 లో అమెరికాలోని చికాగో నగరమున జరిగిన ప్రపంచ ప్రదర్శనమునందు ఆయన చిత్రములకు బహుమానము లభించెను. 1894 లో నిజాముగారు రాజా బహదూరు ముసవ్విర్ జంగు అను బిరుదమునిచ్చి సత్కరించిరి. ముసవ్విరు అనగా చిత్రకారుడు; జంగు అను మాట శూరులకు చెల్లునది. వెలుగుతో చిత్రములు వ్రాయు శూరుడని భావము. ప్రభువు తానే ఉర్దూ పద్యమొకటి కూర్చి ఆయన నేర్పును కొనియాడెను. 1896 లో బొంబాయియందు మరియొక శాల తెరవబడెను. 1897 లో విక్టోరియా రాణిగారి రాజముద్రగల అనుగ్రహపత్రము వచ్చెను. 1903 నాటి ఢిల్లీ దర్బారును వారి శాలవారు చిత్రించిరి.

సుఖమువెంట దుఃఖము నీడవలె నడచుననుట లోకానుభవము. దీనదయాళుగారి కుమారులు జ్ఞానచందుగారును ధర్మచందుగారును తండ్రి వృత్తియందే తోడ్పడుచుండిరి. 1904 లో ధర్మచందుగారు మరణించిరి. ఎదిగిన కుమారుని పోగొట్టుకొన్న తండ్రి తరువాత చాలకాలము జీవింపలేదు. 1905 వ సంవత్సరము జూలై 5 వ తేదీన బొంబాయిలో రాజా దీనదయాళుగారు దేహమును చాలించిరి. 1911 లో పోషకుడైన మహబూబు అలీఖానుగారును స్వర్గస్థులైరి. క్రమముగ శాలల వైభవము తగ్గెను. రాజుల బిరుదములు పోయెను, రాజ్యములే పోయెను. గాజుపలకలు మాత్రము పెట్టెలలో మిగిలినవి.

ఆ పెట్టెలు కనుక చెదలపాలైయున్నచో ఈ చరిత్రము ఇచ్చటితో ముగిసియుండెడిది. ధన్యవశమున 1989 లో ఢిల్లీయందలి ఇందిరా గాంధీ జాతీయ కళాకేంద్రమువారు దీనదయాళుగారి గాజు నెగెటివులను 2857 సంపాదించి భద్రపరచిరి. 2006 లో భారత తపాలా శాఖవారు ఆయన పేర తపాలా బిళ్లను వెలువరించిరి. కాగితపు బొమ్మలు వెలసిపోయినను, చినిగిపోయినను, మూలమైన నెగెటివు క్షేమముగ నున్నంతవరకు బొమ్మ చావదు. ఇది వారి జీవితమునుండి మనకు మిగిలిన ముఖ్యమైన పాఠము.

ఈ పాఠము రాజులకును ఆస్థానములకును మాత్రమే చెందినది కాదు. కొనకనమిట్ల మొదలు గిద్దలూరు వరకు గల మన పల్లెలలో ఎన్ని యిండ్ల అటుకలమీద, ఎన్ని ఇనుప పెట్టెలలో, ముప్పదేండ్ల క్రిందటి పెండ్లి ఫొటోల నెగెటివులు పడియున్నవో యెంచి చూడుడు. బొమ్మలు ఆల్బములో నున్నవి గదా యని వానిని పారవైచుట చాలచోట్ల జరుగుచున్నది. మన వేసవి యెండకు రేకుల పెట్టెలు పెనమువలె కాగును. ఆ వేడికి రంగులు వెలియును, ఫిల్ము చుట్టుకొనిపోవును, కొన్ని ఫిల్ములు పులిసి కాడివాసన గొట్టును. ఆ ఫిల్ములోని తాతగారి ముఖము మరియొకచోట నుండదు.

ఆ ఫిల్మును వెలుగునకు పట్టి చూచిన బాలుడు ఆశ్చర్యపడును. దీనదయాళుగారి గాజుపలక నిర్మలము; ఇది మాత్రము అంతట నారింజవన్నెగా నుండును. ఇది మురికి కాదు, పాతబడుటవలన వచ్చినదియు కాదు. రంగుల నెగెటివులో మూడు పొరలు కలవు. వానిలో పసుపు, మెజెంటా, సయాను అను మూడు రంగులు ఏర్పడును. మెజెంటా రంగు ఆకుపచ్చ వెలుగును మాత్రమే ఆపవలసియుండగా కొంత నీలమును కూడ ఆపును. సయాను ఎరుపును మాత్రమే ఆపవలసియుండగా కొంత ఆకుపచ్చను నీలమును కూడ ఆపును. ఈ దోషమును పోగొట్టుట రసాయన శాస్త్రజ్ఞులకు సాధ్యము కాలేదు. 1940 వ దశాబ్దమున కొడాక్ సంస్థలోని హాన్సన్ మొదలగువారు మరియొక యుక్తి పన్నిరి. రంగును పుట్టించు పదార్థమునకే ముందుగా తగిన లేతవన్నెనిచ్చిరి. బొమ్మ యేర్పడినచోట ఆ వన్నె కరగును, ఏర్పడనిచోట నిలుచును. కావున దోషము ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ కాక, ఫిల్ము అంతట సమానమయ్యెను. అక్కడక్కడ నుండు తప్పును ఏరుట కష్టము. అంతట ఒకే తీరుననుండు తప్పును ఒక్క లెక్కతో తీసివేయవచ్చును. నారింజవన్నె ఆ లెక్కకు గుర్తు.

నేడు నెగెటివును స్కానరుమీద నుంచి కంప్యూటరులోనికి ఎక్కించువారు ఈ సంగతి నెరుగవలెను. బొమ్మను తారుమారు చేసినంత మాత్రమున చాలదు. నారింజకు ఎదురురంగైన నీలిఛాయ అంతట క్రమ్మును. మొదట ఫిల్ము అంచులను మాత్రమే పట్టుకొని, గాలితో ధూళిని పోగొట్టవలయును. రెండు బొమ్మల నడుమ వెలుగు సోకని సన్నని పట్టీ యొకటి యుండును. ఆ పట్టీయందు ఎరుపు, ఆకుపచ్చ, నీలము ఎంతెంత దాటివచ్చుచున్నవో కొలువవలయును. ఎరుపు అధికముగను, నీలము మిక్కిలి తక్కువగను వచ్చును. నీలమునకు ఎక్కువ వెలుగును చూపి, మూడింటిని సమము చేసి స్కాను తీసినచో బొమ్మలో గరుకుతనము తగ్గును. యంత్రము తనంతట చేయు సవరణలను ఆపి, చుట్టంతటికిని ఒకే కొలతను వాడవలెను. ఒక్కొక్క తయారీవారి ఫిల్మునకు వన్నె ఒక్కొక్క విధము. కడిగిన మందునుబట్టియు, గడచిన యేండ్లనుబట్టియు అది మారును. కాబట్టి ఒకదాని కొలత మరియొకదానికి చెల్లదు.

ఇచట చిన్న లెక్క యొకటి కలదు. నూరుపాళ్ల వెలుగులో పట్టీ ముప్పదిపాళ్లను పోనిచ్చుననుకొనుడు. బొమ్మలో ఒకచోట పదునైదుపాళ్లు మాత్రమే పోవుచున్నవి. ముప్పదిలోనుండి పదునైదును తీసివేయుట తప్పు; పదునైదును ముప్పదిచే భాగింపవలెను. అప్పుడు అచ్చటి రంగు వెలుగులో సగమును ఆపినదని తేలును. వెలుగు ఒక పొరను దాటి మరియొక పొరను దాటునప్పుడు భాగములో భాగమగును గాని తీసివేత కాదు. మూడు రంగులకును ఇట్లు భాగించిన తరువాతనే నలుపు తెలుపులను తారుమారు చేసి, కడపట తేటను దిద్దుకొనవలయును. ధూళిని దాచుటకై స్కానర్లయందుండు పరారుణ కిరణముల ఉపాయము రంగుల ఫిల్మునకు పనికివచ్చును. వెండితో నేర్పడిన నలుపు తెలుపు నెగెటివునకును, దీనదయాళుగారి గాజుపలకలవంటి వానికిని అది పనికిరాదు. వెండి ఆ కిరణములను కూడ అడ్డగించి, బొమ్మనే ధూళిగా చూపును. స్కాను తీసితిమి గదా యని మూలమును పారవేయరాదు. దానిని ఆమ్లములేని కాగితపు కవరులో నుంచి, చల్లని, తేమలేని చోట దాచవలెను.

దీనదయాళుగారు నారింజవన్నె ఫిల్మును ఎరుగరు. ఆయన గతించిన చాలకాలమునకు అది పుట్టెను. అయినను ఆయన చేసిన పనియు ఈ పనియు స్వభావమున ఒక్కటియే. తన పలక నీలమునకు చూపుగలదనియు, ఎరుపునకు గ్రుడ్డిదనియు ఎరిగి, దానికి తగిన లెక్క వేసికొని ఆయన వెలుగును పట్టిరి. మనము ఫిల్ముయొక్క సహజపు వన్నెను కొలిచి, దానిని లెక్కనుండి తొలగించి, ఆ వెలుగును మరల కనుగొందుము. మనుష్యులను చూచునప్పుడు కూడ ఇట్లే చేయవలెను. మన కంటికి సహజముగ అంటియున్న వన్నెను ముందు కొలుచుకొననివాడు ఎదుటివాని రంగును సరిగా చెప్పలేడు. తన కంటిలోని దూలమును ఎంచుకొమ్మని దైవగ్రంథము బోధించుట మన పాఠశాల పిల్లలందరును వినియున్నదే.

కావున బాలబాలికలారా, ఈ సెలవులలో మీ యింటి అటుకమీది పెట్టెను పెద్దల యనుమతితో తెరవుడు. అందలి నెగెటివులను చేతివ్రేళ్లు తగులకుండ ఎత్తి, వెలుగునకు పట్టి చూడుడు. నల్లని పండ్లతో, తెల్లని వెండ్రుకలతో విచిత్రముగ కనబడు ఆ చిన్నది మీ అవ్వయే కావచ్చును. ఆ ఫిల్ములోని వారి పేర్లను పెద్దలనడిగి, జ్ఞాపకముండగనే ఒక కాగితముపై వ్రాసియుంచుడు. నెగెటివు ముఖమును దాచును గాని పేరును దాచలేదు. రత్నవర్తకుల యింట పుట్టి, గాజునే రత్నముగా చేసిన దీనదయాళుగారి స్మృతికి మనము చేయదగిన పూజ యిదియే.